పస్తు పెట్టిన నత్తలు

చాలా ఏళ్ల చీకటి తర్వాత పైడమ్మ కుడికన్ను తెరిచి మొట్టమొదట చూసింది కోడలి మొహాన్ని. చూసి మురిసిపోలేదు.

"ఏటే రత్నం, ఇంత సన్నగున్నావు? ఓడెక్కిన మొగుడి మీద బెంగెట్టుకుని తిండి మానీసినావేటి?" అంది.

వార్డంతా నవ్వింది. నూకరత్నం మంచం పట్టీ పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి అత్త తనను గొంతుతోనే గుర్తుపట్టింది తప్ప ఎప్పుడూ చూడలేదు. ఒకప్పుడు విశాఖపట్నం వన్ టౌన్‌లో పైడమ్మ మెస్ అంటే పోర్టు కూలీల నుంచి కస్టమ్స్ గుమాస్తాల దాకా తెలియనివాళ్లు లేరు. కంటి వెనక వెలుతురు పట్టే కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బు ఆ వంశంలో ఉంది. ముందు రేచీకటి వచ్చింది, తర్వాత పట్టపగలు కూడా గొట్టంలోంచి చూస్తున్నట్టయింది, చివరికి అదీ పోయింది. ఎడమకన్నులో మాత్రం కిటికీ ఎటుందో, గోడ ఎటుందో తెలిసేంత వెలుతురు మిగిలింది. ఆ కాస్త వెలుతురుతోనే ఆవిడ ఇల్లంతా తిరిగేది, వండేది, కోడలిని కోప్పడేది.

ఆ కంటికి చూపిచ్చిన మందు పుట్టింది కోడలి దోసిట్లోనే. రత్నం సముద్రపు నత్తల మీద పనిచేసే మనిషి. భీమిలి దాటాక రాళ్ల తీరం ఒకటుంది. సముద్రం ఆటులో వెనక్కి తగ్గినప్పుడు ఆ రాళ్ల గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. అక్కడ దొరికిందది. గోరంత ఉంటుంది, గుల్ల ఉండదు. ఒళ్లు ఆకుపచ్చ, అంచు పొడుగునా నారింజరంగు గీత, గీత మీద నీలం చుక్కలు. రత్నం దాన్ని గాజుగిన్నెలో వేసి, ప్రయోగశాల కిటికీలో పెట్టి, తినడానికి నాచు ఇవ్వకుండా పస్తు పెట్టింది. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. నత్త చావలేదు, రంగు కూడా తగ్గలేదు. నాచులోంచి పీల్చుకున్న పచ్చటి రేణువులను అది అరిగించుకోకుండా తన కండలోనే బతకనిస్తోంది. అవి ఎండ తాగి వండి పెడుతుంటే తను తిని కూర్చుంటోంది. పరాయిదాన్ని ఒంట్లో పెట్టుకుని కూడా తరిమెయ్యకుండా చూసే పదార్థం దాని జిగురులో ఉందని రత్నం తేల్చింది.

ఆవిడ పనిచేసే అరుణాక్షి సంస్థకు డైరెక్టరు డాక్టర్ చక్రధర్. ఆయన ఆ గిన్నె మీదకి వంగి చూసి, "ఇది కంటికి పనికొస్తుంది" అన్నాడు. ఆయనకు తెలివి లేదని ఎవరూ అనలేరు. ప్రయోగశాలలో పెంచిన వెలుతురు కణాలను కంటి వెనక నాటడం అప్పటికే వచ్చు. కాని కన్ను వాటిని పరాయివని పసిగట్టి చంపేసేది. నత్త జిగురుతో చేసిన చుక్కలు వేశాక చంపడం మానేసింది. మొదటి విడతలో మందు వేసుకున్న కొద్దిమంది ఇవాళ్టికీ పేపరు చదువుకుంటున్నారు. పైడమ్మ రెండో విడత.

చూపొచ్చాక ఆవిడను పట్టడం ఎవరి తరమూ కాలేదు. గోడల సున్నం బాగా లేదంది. కర్టెన్లు చూసి, ఈ రంగు ఏ మతిలేనివాడు ఎంచాడో చెప్పమంది. ఎంచింది కొడుకని తెలిశాక, ఓడలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి మరీ తిట్టింది. రత్నం కిటికీలో పెట్టుకున్న గాజుగిన్నె దగ్గర మాత్రం మెత్తబడిపోయింది. నత్తకు శాస్త్రం ప్రకారం పేరు పెట్టాలంటే ముందు దాన్ని బొమ్మ గీసి, కొలిచి, పూర్తిగా వర్ణించాలి. ఆ పని కోసం రత్నం సంస్థ పెంపకం తొట్లలోంచి కొన్నింటిని ఇంటికి తెచ్చుకుంది. వాటి పక్కన ఇంకో గిన్నెలో తను తీరం నుంచి తెచ్చినవి ఉన్నాయి.

"ఇదేనేటే నాకు కన్నిచ్చిన పురుగు?" అని పైడమ్మ గిన్నె మీదకి వంగింది. "అంచు సీర కట్టుకున్నాది సూడు, పెల్లికెల్తన్నట్టు."

ఆ సంబరం కొన్నాళ్లే నడిచింది. ఒకరోజు పైడమ్మ పసుపు డబ్బా తీసుకుని కిరాణా కొట్టుకెళ్లి, తెల్లగా ఉన్న పసుపు ఎందుకమ్ముతున్నావని కొట్టువాడిని నలుగురిలో కడిగేసింది. కల్తీ సరుకని వాదించింది. తర్వాత ఎండుమిరపకాయల మీద అదే గొడవ. రత్నం ఆ పసుపును చేతిలో పోసుకుని చూసింది. పసుపు పచ్చగానే ఉంది. అత్త కుడికన్నులో రంగులు చచ్చిపోతున్నాయి.

ఆసుపత్రిలో యువ డాక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు. మందు మంచిదే, కొందరి ఒంటికి పడదు, వయసు కూడా చూసుకోవాలి, ఏం తింటున్నారేమిటి అని అడిగాడు. పైడమ్మ నేరం ఒప్పుకుంటున్నట్టు వంకాయ, ఎండుచేప అని చెప్పింది. మానెయ్యమన్నాడు. వచ్చే నెల మొదటి గురువారం ఎడమకన్నుకి కూడా కణాలు నాటి చుక్కలు వేస్తామని, దాంతో రెండు కళ్లూ కోలుకుంటాయని చెప్పి పంపాడు.

ఇంటికొచ్చాక పైడమ్మ నోరు మూతబడిపోయింది. ఊరిని శాసించిన మనిషి చారన్నం తిని గోడవైపు తిరిగి పడుకునేది. "అంతమందికి పడ్డ మందు నాకే పడలేదు. నా ఒల్లే అలాటిది" అనేది. రత్నం అత్తను కనిపెట్టుకోవడంలో, సముదాయించడంలో పడి కిటికీలో గిన్నెలున్న సంగతే మరిచిపోయింది. వాటికి నాచు వేసినవాళ్లే లేరు.

గుర్తొచ్చి వెళ్లి చూసేసరికి తీరం నత్తలు చిదిమితే రసం కారేంత పచ్చగా ఉన్నాయి. పెంపకం నత్తలు బియ్యం కడిగిన నీళ్ల రంగుకు తిరిగాయి. నారింజ గీత, నీలం చుక్కలు అలాగే ఉన్నాయి. మధ్యలో ఒళ్లు మాత్రం పాలిపోయి, లోపల పేగు కనిపిస్తోంది. రత్నం ఒకదాన్ని భూతద్దం కింద పెట్టింది. పచ్చటి రేణువులు కండలోంచి పేగులోకి జారి కరిగిపోతున్నాయి. ఈ నత్త పరాయి కణాన్ని బతికించుకోవడం లేదు. కడుపు నిండినంత కాలం దాచుకుంటోంది, ఆకలేస్తే తినేస్తోంది.

ఇది తన నత్త కాదు. రత్నం మిగతావాటినీ ఒక్కొక్కటిగా భూతద్దం కింద పెట్టి చూసింది, అన్నీ అంతే. దీని జిగురు అత్త కంట్లో నాటిన కణాలను ఏం చేస్తోందో కూడా అర్థమైంది.

పెంపకం తొట్లు చూసే లోకనాథాన్ని పట్టుకుని నిలదీసింది. అతను దాచలేదు. దాచాల్సినంత విషయం అందులో ఉందని అతనికి తోచనేలేదు.

"మీ తీరం నత్తలు తొట్లో పిల్లలు పెట్టడం లేదు మేడమ్. రెండో విడతకి జిగురు కావాలి. ద్వీపాల నుంచి నత్తల్ని తెప్పించాం. ఒక్కోదాన్ని కెమెరా ముందు పెట్టాం. గీత సరిపోయింది, చుక్కలు సరిపోయాయి, రంగు సరిపోయింది. మీ నత్త జాతేనని మెషీనే చెప్పింది."

"తిండి పెట్టి ఫొటో తీశారా?"

"తిండి పెట్టకపోతే జిగురు ఎలా వస్తుంది మేడమ్?"

రత్నం ఒళ్లు మండిపోయింది. పచ్చటి నాచు మేపినంతసేపూ ఆ రెండు జాతులనూ దేవుడు దిగొచ్చినా విడదీయలేడు. తేడా తెలిసేది పస్తు పెట్టినప్పుడే. ఈ నత్త గొప్పతనం బయటపడిందే పస్తు పెట్టడం వల్ల. ఆ ఒక్క పరీక్షనూ జిగురు తగ్గిపోతుందని మానేశారు. ఎవరి కళ్లలో పోస్తున్నారో వాళ్ల చూపు కన్నా తొట్టిలో జిగురే ముఖ్యమైపోయింది.

రెండు గిన్నెలూ పట్టుకుని తిన్నగా డైరెక్టరు గదికి వెళ్లింది. చక్రధర్ ఆవిడకు కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు, చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. విన్నాక తెల్లబడ్డ నత్తల గిన్నెను వేలితో కొంచెం దూరం జరిపాడు.

"ఆకలితో ఉన్న ఏ ప్రాణైనా పాలిపోతుంది రత్నంగారూ. మీరు వీటిని ఇంట్లో మాడ్చి చంపి, నాకు తెచ్చి చూపిస్తున్నారు."

"పక్క గిన్నెలోవి కూడా మాడినవే సార్. అవి పచ్చగానే ఉన్నాయి. రెండు గిన్నెలూ ఒకే కిటికీలో ఉన్నాయి."

"ఒక కిటికీ, రెండు గిన్నెలు. దీన్ని రుజువంటారా? చూద్దాం. కమిటీ వేద్దాం. పద్ధతి ప్రకారం చేద్దాం."

"కమిటీ వెయ్యండి సార్. గురువారం చుక్కలు మాత్రం ఆపండి."

"ఆపితే ఏమవుతుందో తెలుసా? మందుకి అనుమతి ఆగిపోతుంది. దేశంలో ఎన్ని లక్షల మంది దీనికోసం ఎదురు చూస్తున్నారు? కొందరి ఒంటికి పడలేదని అందరి నోటి దగ్గరది లాగేద్దామా?"

"పడకపోవడం కాదు సార్. ఆ మందు కణాల్ని తింటోంది. కుడికన్నులో నాటినవి తినేసింది, ఇప్పుడు ఆ కంటిలో మిగిలిన సొంత కణాల మీద పడింది. ఎడమకన్నులో వాళ్లకి మిగిలిన కాస్త వెలుతురూ గురువారం నుంచి తినేస్తుంది. మా అత్తగారు ఆ వెలుతురుతోనే ఇన్నేళ్లూ బతికారు."

చక్రధర్‌కు అర్థం కాలేదని రత్నం అనుకోలేదు. అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆయన గొంతు ఇంకా మెత్తబడింది, అదే ఆవిడను ఎక్కువ కాల్చింది.

"పెద్దావిడ బాధ నేను అర్థం చేసుకోగలను. ఒక పని చేద్దాం. నత్తకి పేరు పెట్టే హక్కు మీదే కదా. మీ అత్తగారి పేరు పెట్టండి. సభ చేద్దాం, ఆవిడకు శాలువా కప్పుదాం. శాస్త్రంలో పేరంటే మాటలు కాదు. ఒకసారి అచ్చయితే పెట్టినవాళ్లు కూడా మార్చలేరు. ఈ భూమి ఉన్నంత కాలం ఉంటుంది."

రత్నం కాఫీ ముట్టుకోకుండా లేచింది. గిన్నెలు తీసుకుంటుంటే ఆయన, సంస్థ నత్తలను అనుమతి లేకుండా ఇంటికి పట్టుకెళ్లడం దొంగతనం కిందికి వస్తుందని కూడా అదే మెత్తటి గొంతుతో చెప్పాడు. కళ్లు తిన్నవాళ్లది ప్రయోగం, నత్తలు తెచ్చుకున్నది దొంగతనం. ఆ న్యాయం తలుచుకుని ఆవిడ ఆటోలో ఇంటిదాకా పళ్లు నూరుకుంటూనే వచ్చింది.

పైడమ్మ మంచం మీద లేచి కూర్చుని అంతా వింది. చివర్న అడిగింది.

"అయితే నా ఒల్లు తప్పు కాదు."

"కాదత్తమ్మా."

"వంకాయ తప్పు కాదు."

"కాదు."

"నా నోరు కట్టీసినారు గదే ఎదవలు. ఇన్నాల్లూ నన్ను నానే తిట్టుకుంటన్నాను." పైడమ్మ ముక్కు చీది, చీర సర్దుకుంది. "గురువారం ఎల్దాం."

"మందు వద్దని చెప్తుంటే మళ్లీ అక్కడికెందుకు?"

"నాను ఇంట్లో కూకుంటే నా కన్నొక్కటే మిగుల్తాది. ఆలంతా వస్తారు గదా, ఆల మాటేటి?"

గురువారం కంటి వార్డు ముందు బెంచీల నిండా జనం. రెండో విడత వాళ్లంతా ఉన్నారు. తోడొచ్చినవాళ్లు చేతులు పట్టుకుని కూర్చోబెడుతున్నారు. అందరికీ ఎడమకన్ను మీద ఆకుపచ్చ గుడ్డ కట్టి సిద్ధం చేశారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. రత్నం గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయింది. జిగురు, జాతి, రేణువులు అనే మాటలు నోటిదాకా వచ్చాయి. పైడమ్మ ఆవిడ మోచెయ్యి పట్టి ఆపింది. మెస్‌లో పంక్తికి వినపడేలా పిలిచే గొంతు ఆవిడది. ఆ గొంతు ఇంకా పోలేదు.

"నా పేరు పైడమ్మ. నాకు కుడికన్ను మల్లీ మసకైపోయింది. ముందు పసుపు తెల్లగా కనపడింది, తరవాత అన్నీ బూడిదైపోయినాయి. నా ఒంటికి పడలేదన్నారు. మీలో ఎవులికైనా అలగైందా?"

ఒక చివర్న కూర్చున్న పెద్దాయన, లారీ డ్రైవరుగా చేసి మానేసిన సింహాద్రి, నెమ్మదిగా చెయ్యెత్తాడు.

"నాకూ అయిందమ్మా. షుగరు ఉన్నాది గదా, దానివల్లన్నారు. నా ఒక్కడికేనన్నారు."

"నాకు ఏడవడం వల్లన్నారు" అంది పక్క బెంచీ మీద కుసుమ అనే అమ్మాయి. "చూపొచ్చిన రోజు మా పాపని చూసి బాగా ఏడ్చానండి. కన్నీళ్లకి మందు కారిపోయిందన్నారు. మా ఆయన ఇప్పటికీ నన్నే అంటున్నాడు."

ఇంకొకాయన పొగాకు అన్నాడు. ఇంకొకావిడ, చుక్కలు వేసుకునే టైము తప్పిందన్నారని చెప్పి, తప్పలేదు బాబూ, ఒక్కసారి కూడా తప్పలేదు, అలారం పెట్టుకున్నాను అని ఒట్టేసింది. బెంచీలన్నీ పలికాయి. ఒక్కొక్కరికీ ఒక్కొక్క నేరం పంచిపెట్టారు. నీ ఒక్కడికే అయింది, మిగతావాళ్లంతా బాగున్నారు అని అందరికీ చెప్పారు. సిగ్గుతో ఎవరి నోరు వాళ్లు మూసుకున్నారు. రత్నానికి నత్తలను చూసినప్పుడు వచ్చిన కోపం ఈ కోపం ముందు ఎందుకూ కొరగాదనిపించింది. చూపు తియ్యడం ఒక ఎత్తు. తీసి, తప్పు నీదేనని వాళ్ల నెత్తినే పెట్టడం ఇంకొక ఎత్తు.

అప్పుడు ఆవిడ చెప్పింది. రెండు నత్తలున్నాయని, పైకి ఒకలాగే ఉంటాయని, ఒకటి కాపాడుతుందని, ఒకటి తింటుందని, మీకు వేసింది తినేదని. చాలా చిన్న మాటల్లో చెప్పింది. అందరికీ అర్థమైంది.

నర్సు బయటికొచ్చి మొదటి పేరు పిలిచింది. సింహాద్రి కదల్లేదు. రెండో పేరు పిలిచింది. కుసుమ ఎడమకన్ను మీది గుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత అందరూ విప్పేశారు. యువ డాక్టరు వచ్చి బతిమాలాడు, చక్రధర్ వచ్చి లక్షలమంది సంగతి చెప్పాడు. పైడమ్మ ఆయన గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"బాబూ, ఆ లచ్చలమందిలో మేం లేమా?"

ఆ రోజు చుక్కలు ఎవరి కంట్లోనూ పడలేదు.

తర్వాత ఏం జరిగిందో ఈ దేశంలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. కమిటీ వేశారు. తొట్లు మూసేశారు. కమిటీ బాగా ఆలోచించి, కెమెరా పొరబడిందని, మనుషుల తప్పు ఎవరిదీ లేదని తేల్చింది. చక్రధర్ ఇంకొక సంస్థకు ఇంకా పెద్ద పదవిలో వెళ్లాడు. రెండో విడత వాళ్లందరి కుడికళ్లూ పూర్తిగా పోయాయి. ఎడమకళ్లలో మిగిలిన వెలుతురు మాత్రం మిగిలింది. కమిటీ రాసిన దాంట్లో ఆ కుడికళ్ల ప్రస్తావన ఒక వాక్యం కూడా లేదు.

రత్నం ఉద్యోగం మానేసి ఇంట్లోనే కూర్చుని పని పూర్తి చేసింది. తీరం నత్తనూ ద్వీపాల నత్తనూ పక్కపక్కన పస్తు పెట్టింది. వాటి నోట్లోని సన్నటి పళ్లు బయటికి తీసి కొలిచింది, కండను పొరలుగా కోసి చూసింది. రెండూ వేరువేరు జాతులని ఇక ఏ కమిటీ కాదనలేనట్టు రాసింది. తీరం నత్తకు భీమిలి పేరు పెట్టింది. రెండోదానికి పెట్టిన పేరుతో సహా అంతా అచ్చయింది. సంస్థ వాళ్లు చదవకుండానే అది గౌరవమనుకుని, మాజీ డైరెక్టరుగారికి అభినందనలు అని గోడకు బోర్డు కూడా పెట్టారు.

చక్రధర్ మాత్రం చదివాడు. ఫోన్ చేశాడు. ఈసారి గొంతు అంత మెత్తగా లేదు.

"పేరు మార్చండి రత్నంగారూ. పిల్లలు పుస్తకాల్లో చదువుకుంటారు."

"చదువుకోనివ్వండి సార్" అని ఫోన్ పెట్టేసింది.

పైడమ్మ కిటికీ పక్కన ఎండలో కూర్చుని వంకాయలు కోస్తోంది. ఫోన్ ఎవరిదని అడగలేదు, వినేసింది. చాకు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఆ పురుగు గురించి ఏటి రాసినావో సదువే ఓసారి. తెలుగులో సెప్పు."

రత్నం కాగితం తీసి చదివింది. "ఈ జాతి పేరు ఎలీసియా చక్రధరి. చూడటానికి అందంగా ఉంటుంది. తిండి దొరికినంత కాలం, తన ఒంట్లో చేరినవాటిని కాపాడుతున్నట్టే కనిపిస్తుంది. ఆకలి వేసినప్పుడు వాటినే తింటుంది."

"మల్లీ సదువు" అంది పైడమ్మ.